ఉప్పాడ ఇసుక ఎవరి పద్దు?

తుపాను వెలిసిన మర్నాడు కాకినాడ దగ్గరి ఉప్పాడ ఒడ్డున జనం బంగారం వెతుకుతారు. ఇది కట్టుకథ కాదు. 2020 నవంబరులో నివర్ తుపాను వెళ్ళిపోయాక ఈ సంగతి పత్రికల్లో ఫొటోలతో సహా వచ్చింది. ఆ తర్వాత అలాంటి రోజునే ఒకసారి నేను అక్కడ ఉన్నాను. ఆడవాళ్ళు, పిల్లలు, ఆ పూట వేట లేని మగవాళ్ళు తడి ఇసుకలో గొంతుక్కూర్చుని వేళ్ళతో పొరలు పొరలుగా గీకుతున్నారు. ఒకావిడ అరచేయి తెరిచి చూపించింది. నల్లటి ఇసుక మధ్యలో ఆవగింజంత పసుపు మెరుపు.

"ఎక్కడిదమ్మా ఇది?" అని అడిగాను.

"ఎక్కడిదేమిటి బాబూ, మా ఊరిదే. పాత ఇళ్ళు, గుళ్ళు అన్నీ లోపలే ఉన్నాయి కదా" అంటూ సముద్రం వైపు గడ్డం ఎత్తి చూపించింది.

పక్క గదిలో బియ్యం డబ్బా ఉందని చెప్పినంత మామూలుగా ఆమె ఆ "లోపల" అనే మాట అంది. ఊళ్ళో సగం లోపల ఉంది, సగం బయట ఉంది.

ఆమె ఇంటికి నాలుగైదు గడపల అవతల ఒక పెద్దాయన ఉంటారు. వేటకు వెళ్ళడం మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు వలలు బాగుచేస్తారు. ఆయన చెప్పిన లెక్క నా చెవిలో అలాగే ఉండిపోయింది. "మా నాన్న కట్టినప్పుడు మాది సముద్రానికి నాలుగో వరస ఇల్లు. నా పెళ్ళినాటికి మూడో వరస. ఇప్పుడు మాదే మొదటి వరస. ఇల్లు మాత్రం కదల్లేదు బాబూ."

తలుపు లోపలి వైపు బొగ్గుతో రాసిన అంకెలు చూపించారు. పౌర్ణమి పోటు రోజున గడప దగ్గర నుంచి నీటి అంచు దాకా అడుగులు కొలిచి రాస్తారట. 64, 61, 61, 58. ఆ తర్వాత ఒక్కసారిగా 43. అది తుపాను వచ్చిన నెల. దాని కింద 47, 49. "అప్పుడు కొంచెం ఇసుక తిరిగి పేరింది" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో కనిపించిన చిన్న సంతోషం నన్ను ఈ వ్యాసం రాయిస్తోంది. పోయిన ఇసుక తిరిగి వస్తుందని ఆయనకు తెలుసు. అది ఎందుకు రావడం లేదన్నదే ఆయన ప్రశ్న. నా ప్రశ్న కూడా అదే.

నేను చదువుకున్నది కాకినాడలో. ఆదివారాలు సైకిళ్ళ మీద బీచ్ రోడ్డు పట్టుకుని ఉత్తరంగా వెళ్ళేవాళ్ళం. రోడ్డు దిగి సరుగుడు చెట్ల మధ్య నుంచి నీటి దగ్గరకు వెళ్ళాలంటే సైకిలు చక్రాలు ఇసుకలో దిగబడేవి, వాటిని భుజాన మోసుకుంటూ నడిచేవాళ్ళం. అలసిపోయేంత ఇసుక ఉండేది. ఇప్పుడు అదే దారిలో రోడ్డు పక్కన రాళ్ళు, రాళ్ళ పక్కన నీళ్ళు. పెద్ద తుపాను వచ్చిన ప్రతిసారీ అలలు ఆ రాళ్ళనే ఎత్తి రోడ్డు మీద పడేస్తాయి. రాకపోకలు ఆపేస్తారు, బస్సులు పిఠాపురం వైపు నుంచి తిరిగి వెళతాయి. నీరు తగ్గాక రోడ్డు వేస్తారు, రాళ్ళు పేరుస్తారు. మళ్ళీ తుపాను వస్తుంది.

ఉప్పాడ పేరు వినగానే చాలామందికి జమ్దానీ చీర గుర్తుకొస్తుంది. 2009లో ఆ చీరకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఏ ఊరి పేరు మీద ఆ గుర్తింపు ఇచ్చారో ఆ ఊరి తూర్పు హద్దు మాత్రం ఏటా చెరిగిపోతూనే ఉంది. ఉప్పాడ, సుబ్బంపేట, సూరాడపేట, మాయాపట్నం, కోనపాపపేట... ఈ వరసలో ఏ ఊరికి వెళ్ళినా సగం విరిగిన గదులు, గాలిలో వేలాడే మెట్లు కనిపిస్తాయి.

ప్రభుత్వాలు చేతులు కట్టుకుని కూర్చున్నాయని నేను అనడం లేదు. బండరాళ్ళు వేశారు. 2010 ప్రాంతంలో జియోట్యూబులు తెచ్చారు. అంటే గట్టి సింథటిక్ వస్త్రంతో కుట్టిన భారీ గొట్టాల్లో ఇసుక నింపి, ఒడ్డు పొడవునా పరిచి గోడలా నిలబెట్టారు. కొంతకాలం కాపాడాయి కూడా. తర్వాత అలలకు అవీ చిరిగి, జారి, చెదిరిపోయాయి. ఇప్పుడు ఇంకా పెద్ద గోడ కావాలంటున్నారు. ఊళ్ళో వాళ్ళే అడుగుతున్నారు. ఇంటి గడపకు నలభై అడుగుల్లో సముద్రం ఉన్న మనిషి గోడ కావాలంటే తప్పు పట్టే అర్హత నాకు లేదు. కానీ గోడ ఏం చేస్తుందో వాళ్ళకు ఎవరూ వివరంగా చెప్పడం లేదు. నా బాధ అది.

వాలుగా ఉన్న ఇసుక ఒడ్డు అలను తాగేస్తుంది. అల ఆ వాలు మీద పాకుతూ పాకుతూ బలమంతా పోగొట్టుకుని వెనక్కి జారుతుంది. గోడ దగ్గర ఆ అవకాశం లేదు. వచ్చిన అలను వచ్చినట్టే తిప్పికొడుతుంది. ఆ తిరుగు నీరు గోడ పాదం దగ్గర ఇసుకను తవ్వుకుపోతుంది. గోడ వెనుక ఇల్లు కొన్నేళ్ళు నిలుస్తుంది, గోడ ముందున్న ఒడ్డు మాత్రం పోతుంది. తెప్ప లాగడానికి, వల ఆరబెట్టడానికి, చేపలు ఎండబెట్టడానికి చోటు ఉండదు. ఒడ్డు లేని మత్స్యకారుడికి ఇల్లు మిగిలినా బతుకుతెరువు మిగలదు. పైగా గోడ ఎక్కడ ఆగిపోతుందో అక్కడ పక్క ఊరికి కోత మరింత పెరుగుతుంది. ఒక ఊరి గోడ పక్క ఊరికి గొయ్యి.

అసలు ఇక్కడి ఇసుక ఎక్కడి నుంచి వస్తుంది? ఈ ప్రశ్న వేసుకోకుండా తీరం గురించి ఏం మాట్లాడినా దండగే.

గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి వచ్చే దారంతా మట్టినీ ఇసుకనూ మోసుకొస్తుంది. కోనసీమ మొత్తం ఆ మోత వల్ల పుట్టిన నేలే. సముద్రంలో కలిశాక కూడా ఆ ఇసుక ఆగదు. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు దక్షిణం నుంచి ఏటవాలుగా ఒడ్డును తాకుతాయి, ఇసుకను ఉత్తరానికి నెడతాయి. ఈశాన్య రుతుపవనాల్లో కొంత వెనక్కి తెస్తాయి. మొత్తం మీద చూస్తే మన తూర్పు తీరంలో ఇసుక ప్రయాణం ఉత్తరానికే. గోదావరి పాయ గౌతమి సముద్రంలో కలిసే మొగ దగ్గర దిగిన ఇసుక అలా నడుస్తూ పదహారు కిలోమీటర్లకు పైగా పొడవున్న దిబ్బగా పేరుకుంది. అదే హోప్ ఐలాండ్. దాని వయసు మహా అయితే రెండు వందల ఏళ్ళు. నేల పుట్టడాన్ని మన తాతల తాతలు కళ్ళతో చూశారంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. ఆ దిబ్బ చాటున అలలు నెమ్మదించాయి కాబట్టే కాకినాడ రేవు పెరిగింది. ఆ ప్రశాంతమైన అఖాతం పక్కనే కోరింగ మడ అడవులు దట్టంగా విస్తరించాయి.

అంటే రేవు, మడ అడవి, కోనసీమ కొబ్బరి తోట, ఉప్పాడ ఒడ్డు... ఇవన్నీ ఒకే ఇసుక సంతానం. వీటిని వేర్వేరు ఫైళ్ళలో పెట్టింది మనం.

ఇప్పుడు ఆ సరఫరా సంగతి చూడండి. గోదావరి డెల్టాకు 1970లలో ఏటా సగటున 14 కోట్ల టన్నులకు పైగా ఒండ్రు వచ్చేది. 1990ల నాటికి అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. పైన జాయక్వాడి, శ్రీరాంసాగర్ వంటి పెద్ద ఆనకట్టలు, ఉపనదుల మీద లెక్కలేనన్ని చిన్నవి వచ్చాయి. ఆనకట్ట నీటిని ఆపినప్పుడు నీటిలోని ఒండ్రునూ ఆపుతుంది. నీటిని కాలువలకు వదులుతారు, ఒండ్రు మాత్రం జలాశయం అడుగునే ఉండిపోతుంది. రైతుకు నీరు కావాలి, అందులో వాదన లేదు. ధవళేశ్వరం ఆనకట్ట లేకపోతే మా జిల్లాల్లో అన్నమే లేదు. కానీ ఒక ప్రాజెక్టు కట్టేటప్పుడు ఎన్ని టీఎంసీలు, ఎన్ని ఎకరాలు, ఎన్ని మెగావాట్లు అని అడుగుతాం. పోలవరం గురించి ఇన్ని దశాబ్దాలుగా ఇంత మాట్లాడుకున్నాం కదా. ముంపు గురించి, ఎత్తు గురించి, నిధుల గురించి. దాని వెనుక ఆగిపోయే ఇసుక కోసం ఏ తీరం ఎదురుచూస్తోందన్న చర్చ ఊళ్ళలో జరగగా నేను వినలేదు.

నది నుంచి వచ్చేదే తగ్గింది. వచ్చిన కాస్తకైనా దారి సాఫీగా లేదు. పెద్ద ఓడ రావాలంటే రేవు దారి లోతుగా ఉండాలి. ఇసుక నడిచే దారికి అడ్డంగా లోతైన కాలువ తవ్వితే ఇసుక అందులో పడుతుంది. పడిన పూడికను తీసి దూరంగా సముద్రంలో పోస్తే అది తీరం లెక్కలోంచి శాశ్వతంగా పోయినట్టే. అలల తాకిడి తగ్గించడానికి సముద్రంలోకి కట్టే రాతి గట్లు కూడా అంతే. దక్షిణం వైపు ఇసుక పేరుస్తాయి, ఉత్తరం వైపు ఆకలి పెడతాయి. ఉప్పాడకు ఇంకో చిక్కు కూడా ఉంది. హోప్ ఐలాండ్ ఉత్తరానికి పెరిగేకొద్దీ అలలు వంగే తీరు మారి, వాటి బలం ఉప్పాడ వైపు పోగవుతోందన్న వివరణ ఉంది. కాబట్టి తప్పంతా ఫలానా రేవుదో ఫలానా ఆనకట్టదో అని వేలు చూపించడం న్యాయం కాదు. ప్రకృతి చేసిన దాంట్లో మనం చేసింది కలిసింది. ఎవరి వాటా ఎంతో తేల్చడానికే పద్దు కావాలంటున్నాను.

మన శాఖలు ఏ కొలతల్లో ఆలోచిస్తాయో ఒకసారి గమనించండి. జలవనరుల శాఖకు టీఎంసీలు. రేవులకు డ్రాఫ్టు (ఓడ నీటిలో మునిగే లోతు) మీటర్లు, సరుకు టన్నులు. రోడ్ల శాఖకు కిలోమీటర్లు. అటవీ శాఖకు హెక్టార్లు. మత్స్య శాఖకు చేపల టన్నులు, బోట్ల సంఖ్య. రెవెన్యూకు సర్వే నంబర్లు. గనుల శాఖ ఇసుకను లెక్కపెడుతుంది గాని అది లారీకి ఎత్తే ఇసుక. సముద్రం ఒడ్డున నడిచే ఇసుకను కొలిచే కుర్చీ ఎక్కడా లేదు. ఒక్కో శాఖ తన పని తాను సక్రమంగానే చేసిందనుకుందాం. అయినా ఊరు పోతుంది. ఎందుకంటే ఊరిని నిలబెట్టే వస్తువు ఎవరి పద్దులోనూ లేదు.

సమగ్ర తీర మండల నిర్వహణ అని ప్రభుత్వ పత్రాల్లో ఒక పేరుంది. 1992లో రియోలో దేశాలన్నీ ఒప్పుకున్న అజెండా 21 పత్రంలో పదిహేడో అధ్యాయం సముద్రాల గురించీ తీరాల గురించీ మాట్లాడుతుంది. తీరాన్ని ముక్కలు ముక్కలుగా పాలించడం కుదరదు, కలిపి చూడాలి అన్నది అందులోని సారం. మన దేశంలో ప్రపంచ బ్యాంకు సాయంతో 2010లో ఈ పేరుతో ఒక పెద్ద ప్రాజెక్టు మొదలైంది. గుజరాత్, ఒడిశా, పశ్చిమ బెంగాల్ రాష్ట్రాలను ప్రయోగంగా ఎంచుకున్నారు. చెన్నైలో సుస్థిర తీర నిర్వహణకు ఒక జాతీయ కేంద్రం కూడా వచ్చింది. అంత పొడవైన తీరం ఉన్న మన రాష్ట్రం ఆ మొదటి మూడింటిలో లేదు. కొత్త కొలతల ప్రకారం మన తీరం 1,053 కిలోమీటర్లు, పాత లెక్కలో 974. కొలత పద్ధతి మారితే తీరం పొడవు పెరుగుతుంది, ఉప్పాడలో అడుగులు పెరగవు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1981లో ఇందిరా గాంధీ తీర రాష్ట్రాల ముఖ్యమంత్రులకు లేఖ రాస్తూ, పోటు నీరు తాకే గీత నుంచి 500 మీటర్ల దాకా నిర్మాణాలు లేకుండా చూడాలని కోరారు. దాన్నుంచే 1991 ఫిబ్రవరిలో తీర నియంత్రణ మండల (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్ వచ్చింది. దాన్ని రెండు డజన్ల సార్లు సవరించారు. 2011లో కొత్తది వచ్చింది. గ్రామీణ తీరంలో 200 మీటర్ల వరకు నిర్మాణాలు నిషేధం, అయితే 100 నుంచి 200 మీటర్ల మధ్య మత్స్యకారులూ స్థానికులూ ఇళ్ళు కట్టుకోవచ్చన్నారు. అంటే ఒడ్డు మీద మొదటి హక్కు ఎవరిదో చట్టం గుర్తించింది. 2019 జనవరిలో వచ్చిన నోటిఫికేషన్ జనసాంద్రత ఎక్కువున్న పల్లెల్లో ఆ 200 మీటర్లను 50కి కుదించింది. మత్స్యకారులకు ఇళ్ళ ఇబ్బంది ఉన్న మాట నిజమే. కానీ వాళ్ళ ఇబ్బంది పేరు చెప్పి తెరిచిన తలుపులోంచి ముందుగా వచ్చేది డబ్బున్న వాడి హోటలు.

నాకు అంతకన్నా పెద్ద లోపంగా తోచేది ఇంకొకటుంది. 50 అయినా 200 అయినా కొలిచేది పోటు గీత నుంచి. ఆ గీతే నడుస్తుంటే? అలలు, కోత, సముద్ర మట్టం పెరుగుదల అన్నీ కలిపి ప్రమాద రేఖ అని ఒకటి గీయాలని నిపుణులు చెప్పారు. దేశమంతటా గీయించారు కూడా. తీరా 2019లో ఆ రేఖను నియంత్రణ నుంచి తప్పించి, విపత్తు ప్రణాళికకు వాడుకునే పటంగా మాత్రమే మిగిల్చారు. కోతకు గురయ్యే ఊళ్ళకు ఆ రేఖ ఒక్కటే నిజమైన రేఖ. జాతీయ సంస్థ ఒకటి 1990 నుంచి 2016 వరకు ఉపగ్రహ చిత్రాలతో లెక్కవేస్తే దేశ తీరంలో దాదాపు మూడో వంతు కోతకు గురవుతోందని తేలింది. మూడో వంతు తీరం నడుస్తున్న దేశంలో చట్టం నిలబడిన గీతను పట్టుకుని కూర్చోవడం నాకు అంతుపట్టదు.

రేవు కట్టాక ఇసుకను తిరిగివ్వడం అసాధ్యమేమీ కాదు. విశాఖపట్నం చూడండి. 1933లో అక్కడ రేవు మొదలైనప్పుడే ఇసుక దారికి అడ్డం వస్తున్నామని ఇంజనీర్లకు తెలుసు. దక్షిణాన పేరుకున్న ఇసుకను తవ్వి ఉత్తరాన రామకృష్ణా బీచ్ వైపు పోయడం అక్కడ ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. చాలినంత పోయని ఏళ్ళున్నాయి, బీచ్ రోడ్డు గోడలు కూలిన రోజులున్నాయి. అయినా ఇసుక మనం ఆపాం కాబట్టి మనమే దాటించాలన్న ఒప్పుకోలు అందులో ఉంది. ఆ ఒప్పుకోలు నగరానికి దొరికింది. నగరంలో పార్కులు, హోటళ్ళు, పెద్దవాళ్ళ ఇళ్ళు ఉన్నాయి. ఉప్పాడకు దొరకలేదు.

పుదుచ్చేరి కథ ఇంకా చెప్పుకోదగ్గది. 1980ల చివర అక్కడ రేవు గట్లు కట్టాక ఊరి ముందు ఇసుక మొత్తం పోయింది. ఒక తరం పిల్లలు ఆ ఊళ్ళో బీచ్ అంటే నల్లరాళ్ళ గుట్ట అనుకుంటూ పెరిగారు. 2018, 2019 ప్రాంతంలో కేంద్ర ప్రభుత్వ సముద్ర శాస్త్రవేత్తలు నీటి అడుగున ఉక్కుతో చేసిన పెద్ద దిమ్మను దించి కృత్రిమ దిబ్బలా నిలిపారు, ఇసుక కూడా పోశారు. ఒడ్డు తిరిగి వచ్చింది. పిల్లలు ఇసుకలో ఆడుతున్నారు. ఈ విజయాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. కానీ అదే తీరంలో ఉత్తరాన, తమిళనాడు పరిధిలోకి వచ్చే మత్స్యకార గ్రామాలు కోతతో అల్లాడుతున్నాయి. పుదుచ్చేరి సరిహద్దు ఇసుకకు తెలియదు. అధికారులకు తెలుసు. సమగ్రం అన్న మాటకు అర్థం అక్కడే తేలిపోతుంది.

ఇక ఒడిశాలో సాతభయా. ఏడు ఊళ్ళ సమూహం, ఒకదాని తర్వాత ఒకటి సముద్రంలో కలిసిపోయాయి. మిగిలినవాళ్ళను ప్రభుత్వం లోపలికి, బాగపాటియా అనే చోట కాలనీ కట్టి తరలించింది. మనుషులు బతికారు, అది చిన్న విషయం కాదు. కానీ సముద్రానికి దూరమైన మత్స్యకారుడు, పొలం మునిగిన రైతు కొత్త కాలనీలో కూలి వెతుక్కోవాలి. చాలామంది ఇతర రాష్ట్రాలకు వలస వెళ్ళారు. తరలింపు తప్పనిసరి అయ్యే రోజు ఉప్పాడ వరస ఊళ్ళలో కొన్నింటికి రావచ్చు. ఆ రోజు తుపాను రాత్రి స్కూలు భవనంలో కూర్చుని నిర్ణయం తీసుకునే పరిస్థితి రాకూడదు. పడవ దగ్గరకు నడిచి వెళ్ళేంత దూరంలో స్థలం ఇప్పుడే చూడాలి. ఇంజను, వల, డీజిల్ డబ్బా మోసుకుని తెల్లవారుజామున మూడు గంటలకు అయిదు కిలోమీటర్లు ఎవరు నడుస్తారు? ఆడవాళ్ళు చేపల గంప ఎక్కడ దించుకుంటారు? ఇళ్ళ స్థలాలు ఇచ్చే వాళ్ళు అడగాల్సిన మొదటి ప్రశ్నలు ఇవి.

స్థలం మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర పేదల ఇళ్ళ స్థలాల కోసం మడ చెట్లున్న నేలను చదును చేశారని పెద్ద వివాదం నడిచింది, న్యాయస్థానాల దాకా వెళ్ళింది. పేదలకు ఇల్లు, తీరానికి మడ అడవి. రెండూ ప్రజలవే. రెండింటినీ ఒకదాని మీదకు ఒకటి ఉసిగొల్పే స్థితికి ఎందుకు వచ్చాం? ఒడిశాలో 1999 పెను తుపాను తర్వాత కేంద్రపడా జిల్లా ఊళ్ళను పరిశీలిస్తే, సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి వెడల్పుగా మిగిలిన చోట మరణాలు తక్కువగా ఉన్నాయని తేలింది. మడ చెట్టు కొట్టి కట్టిన ఇంటికి తుపాను రాత్రి కాపలా ఎవరు?

ఆ మధ్య తీర ప్రణాళిక పటాల మీద ప్రజాభిప్రాయ సేకరణ అంటే ఒక సమావేశానికి వెళ్ళాను. ఎక్కడో, ఏ కార్యాలయమో చెప్పడం నా ఉద్దేశం కాదు. గోడకు పెద్ద పెద్ద రంగుల పటాలు తగిలించారు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ గీతలు. పేర్లన్నీ ఇంగ్లీషులో. నలభై మంది దాకా మత్స్యకారులు వచ్చారు. వేట మానుకుని వచ్చారు, అంటే ఆ రోజు ఆదాయం వదులుకుని వచ్చారు. ఒక నడివయసు మనిషి పటం ముందు చాలాసేపు నిలబడి, "అయ్యా, ఇందులో మా ఊరు ఎక్కడ?" అని అడిగాడు. అధికారి మర్యాదగానే వేలు పెట్టి చూపించాడు. అతను ఇంకా దగ్గరగా వంగి చూసి, "ఇక్కడ రోడ్డు గీశారండీ. ఈ రోడ్డు పోయి చాలా కాలమైంది" అన్నాడు. గదిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. అభ్యంతరాలుంటే రాసి ఇమ్మన్నారు. అతను రాయలేడు. నేను రాసిచ్చాను. ఏమైందో తెలియదు.

2011 నోటిఫికేషన్ ప్రకారం ఇలాంటి పటాల్లో మత్స్యకార గ్రామాల ఉమ్మడి స్థలాలను గుర్తించాలి. పడవలు నిలిపే చోటు, వలలు ఆరేసే చోటు, చేపలు ఎండబెట్టే దిబ్బ. వీటికి పట్టాలు ఉండవు. తరతరాల వాడకమే వీటికి పట్టా. పటంలోకి ఎక్కకపోతే అవి ఖాళీ ప్రభుత్వ భూమిగా కనిపిస్తాయి. ఖాళీ భూమి అంటే ఎవరికో ఒకరికి ఇవ్వదగ్గ భూమి అని అర్థం. ఒడ్డు మీద చెరువులు, ఇసుక దిబ్బలు చదును చేసి కట్టిన విహార కేంద్రాలు, గొట్టాలు వేసి వ్యర్థాలు వదిలే పరిశ్రమలు అన్నీ ఆ "ఖాళీ"లోంచే వస్తాయి. 2025లో పరిశ్రమల వ్యర్థాల వల్ల చేప దొరకడం లేదంటూ ఉప్పాడ మత్స్యకారులు రోడ్డు మీద బైఠాయించారు. ఒకవైపు ఒడ్డు పోతోంది, మరోవైపు వేట పోతోంది. ఒకే మనిషికి రెండు దెబ్బలు, రెండింటికీ వేర్వేరు అర్జీలు, వేర్వేరు కార్యాలయాలు.

ఇదంతా విని ఒక మిత్రుడు అన్నాడు: "రేవులు వద్దంటావా? ఉద్యోగాలు ఎక్కడి నుంచి వస్తాయి?" రేవులు వద్దని నేను అనను. ఉప్పాడ దగ్గర కడుతున్న ఫిషింగ్ హార్బర్ కూడా కావాలి, మరబోట్లకు నీడ కావాలి. నేను అడిగేది ఒకటే. ఇసుక దారికి ఎవరు అడ్డం కడితే వారే ఏటా ఆ ఇసుకను దాటించాలి. ఎంత ఆగిందో, ఎంత దాటించారో ఏటేటా ఊరి పంచాయతీ గోడ మీద తెలుగులో రాయాలి. పూడిక తీసిన ఇసుక శుభ్రంగా, ఒడ్డుకు తగిన రకంగా ఉంటే సముద్రంలో పారబోయకుండా కోత ఊళ్ళ ముందు పోయాలి. ఆనకట్టల దగ్గర వరద రోజుల్లో ఒండ్రును కిందికి వదిలే పద్ధతుల మీద ఖర్చుపెట్టాలి. గోడ కట్టే ముందు ఉత్తరాన ఉన్న పక్క ఊరి వాళ్ళను కూడా పిలిచి కూర్చోబెట్టాలి. వీటన్నిటినీ చూసే ఒకే ఒక్క అధికార సంస్థ ఉండాలి, గోదావరి మొగల నుంచి ఉత్తరాన ఇసుక నడిచినంత మేరా దాని పరిధి ఉండాలి. అందులో మత్స్యకారులకు ఓటు ఉండాలి. పిలిచి వినిపించుకునే కుర్చీ చాలదు.

ఖర్చు ఎక్కువవుతుందంటారు. ఇప్పటిదాకా రోడ్డుకు, రాళ్ళకు, గొట్టాలకు, మళ్ళీ రోడ్డుకు పెట్టిన ఖర్చు ఎవరైనా కలిపి చూశారా? కలిపే అవకాశం లేదు, ఎందుకంటే అవి వేర్వేరు పద్దుల కింద, వేర్వేరు ఏళ్ళలో, వేర్వేరు శాఖల నుంచి వెళ్ళాయి. ఆ పక్కన ఊళ్ళో వాళ్ళ ఖర్చు కూడా రాయాలి. ఒక్కో కుటుంబం ఎన్నిసార్లు ఇల్లు కట్టుకుందో అడిగితే రెండు, మూడు అంటారు. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం, ఆ రెండు నెలలు అప్పు. ఆ అప్పు తీరకముందే తుపాను, ఇంటి గోడకు మళ్ళీ అప్పు. సుస్థిర అభివృద్ధి అనే మాటను ఈ లెక్కలో ఎక్కడ పెట్టాలో నాకు చెప్పండి.

మొన్న మళ్ళీ వెళ్ళాను. పెద్దాయన ఇంటి ముందు కొత్తగా రాళ్ళు పేర్చారు. వాటి వెనుక ఆయన వల మీద వంగి కూర్చుని ఉన్నారు. బాగోగులు మాట్లాడుకున్నాక తలుపు వైపు చూశాను. అంకెల వరస కిందికి దిగి గడియ దగ్గరకు వచ్చింది. 38, 31, 31, 26. ఆ తర్వాత ఖాళీ.

"మానేశారా?" అన్నాను.

"నీళ్ళు రాళ్ళ దాకా వచ్చేస్తున్నాయి బాబూ. ఇక నడిచి కొలవడానికి ఇసుక లేదు" అని, బొగ్గు ముక్క ఇంకా ఉందో లేదో చూసుకున్నట్టు చూరులోకి చేయి పెట్టారు. ఉంది. తీసి చూసి మళ్ళీ అక్కడే పెట్టారు.